కొత్త ఇళ్ల మీద లెవీ.. ఊరికి రెడీమేడ్ హాల్! ఇంగ్లండ్‌లో ఆ డబ్బు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది?

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు, హైదరాబాదీలకు ఒక కష్టం బాగా తెలుసు. ఆదివారం పిల్లలకు తెలుగో ఉర్దూవో నేర్పాలన్నా, రంజాన్‌లో నలుగురూ కలిసి ఇఫ్తార్ చేయాలన్నా, ఉగాదికి ఒక్క పూట కలుసుకోవాలన్నా చోటు దొరకదు. స్కూల్ హాల్ గంటల లెక్కన అద్దెకు తీసుకోవాలి. చర్చి హాల్‌కు నెలల ముందే బుకింగ్‌లు అయిపోతాయి. లైబ్రరీ గదిలో పాతిక మంది దాటితే ఇరుకు. మరోపక్క అదే ఊరి చివర పొలాల్లో కొత్త ఇళ్లు వరసగా లేస్తూనే ఉంటాయి. అక్కడికి వచ్చే కుటుంబాలకు కూడా ఇదే సమస్య.

ఆ కొత్త ఇళ్ల మీదే కౌన్సిల్ ఒక లెవీ వసూలు చేస్తుందని, అందులో కొంత వాటా ఖర్చు పెట్టే మాట స్థానికులదేనని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా అది రోడ్లకో డ్రైనేజీకో పోతుందిలే అనుకుంటారు. నిజానికి ఈ డబ్బుతో కమ్యూనిటీ హాల్ కట్టుకోవచ్చు. ఇటుకల భవనానికి సరిపోకపోతే ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చే ప్రీఫ్యాబ్ హాల్ అయినా పెట్టుకోవచ్చు. కాకపోతే దారి తిన్నగా లేదు.

లెవీ అంటే ఏంటి?

దీని అధికారిక పేరు కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ. కౌన్సిల్ ఆఫీసుల్లో పొట్టిగా ‘సిల్’ అంటారు. 2008 ప్లానింగ్ చట్టంతో పుట్టింది, 2010 ఏప్రిల్‌లో నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌లకే ఇది వర్తిస్తుంది, స్కాట్లండ్‌లో లేదు. ఇంగ్లండ్‌లో కూడా ప్రతి కౌన్సిల్ దీన్ని వేయాలన్న నియమం లేదు. స్థలాల ధరలు తక్కువగా ఉన్న చాలా చోట్ల, లెవీ వేస్తే ఇళ్లు కట్టేవాళ్లే రారన్న భయంతో వదిలేశారు. కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది, మీ కౌన్సిల్ ఈ లెవీ వేస్తోందా లేదా అని. కౌన్సిల్ ‘ఛార్జింగ్ షెడ్యూల్’ ఉందంటే లెవీ ఉన్నట్టే.

లెక్క కట్టేది చదరపు మీటర్ల మీద. కొత్తగా పెరిగిన విస్తీర్ణం 100 చదరపు మీటర్లు లేదా అంతకు మించి ఉన్నా, ఎంత చిన్నదైనా ఒక కొత్త ఇల్లు వచ్చినా లెవీ పడుతుంది. రేటు ఎంతన్నది కౌన్సిల్ నిర్ణయిస్తుంది, కానీ ఇష్టమొచ్చినట్టు కాదు. స్వతంత్ర ఎగ్జామినర్ ముందు బహిరంగంగా పరిశీలన జరిగాకే అది ఖాయమవుతుంది. ఒకే కౌన్సిల్‌లో ప్రాంతాన్ని బట్టి, ఇల్లా షాపా అన్నదాన్ని బట్టి రేట్లు మారొచ్చు. దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువగా ఉండే ఇల్ఫర్డ్ ప్రాంతం రెడ్‌బ్రిడ్జ్ బరో కిందకి వస్తుంది. లండన్ బరోల్లో మొదట లెవీ మొదలుపెట్టింది ఆ బరోనే. 2012 జనవరిలో చదరపు మీటరుకు 70 పౌండ్లని ఒకే రేటు పెట్టింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి లండన్ మేయర్ కూడా క్రాస్‌రైల్ కోసం వేరే లెవీ మొదలుపెట్టారు. అంటే లండన్‌లో కట్టేవాళ్లకు రెండు లెవీలు. మేయర్ లెవీతో మాత్రం హాళ్లు రావు, అది రైలు ఖాతాలోకే పోతుంది.

ఇక్కడే ఒక చిన్న హెచ్చరిక. సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ లెవీ నుంచి మినహాయింపు ఉంది. కానీ దానికి పని మొదలుపెట్టకముందే దరఖాస్తు చేసి, మంజూరు కాగితం చేతికి తెచ్చుకోవాలి. పునాది తవ్వాక గుర్తొస్తే మినహాయింపు పోయినట్టే. వేల పౌండ్ల బిల్లు చేతిలో పెట్టుకుని కౌన్సిల్ చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు.

సెక్షన్ 106 అనే ఇంకో దారి కూడా ఉంది. 1990 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలోని ఆ సెక్షన్ కింద కౌన్సిల్, బిల్డర్ మధ్య ఒప్పందం జరుగుతుంది. ‘ఇన్ని ఇళ్లు కడితే ఈ స్కూలుకు ఇంత, ఈ హాల్‌కు ఇంత’ అని అందులో రాసుకుంటారు. తేడా ఏమిటంటే లెవీ అందరికీ ఒకే రేటుపై పడుతుంది, ఎక్కడైనా ఖర్చు పెట్టొచ్చు. సెక్షన్ 106 డబ్బు ఆ ఒక్క ప్రాజెక్టుతో నేరుగా ముడిపడి ఉండాలి, అవసరమని తేలాలి, పరిమాణంలో న్యాయంగా ఉండాలి. గడువులోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి ఇవ్వాలన్న షరతు కూడా తరచుగా ఉంటుంది. కొత్త కాలనీ మధ్యలోనే హాల్ కావాలంటే సెక్షన్ 106 బలమైన ఆయుధం. అయితే ఒప్పందం మీద సంతకాలు కాకముందే, అంటే ప్లానింగ్ దరఖాస్తు పరిశీలనలో ఉన్నప్పుడే అడగాలి. ఇళ్లలోకి జనం చేరాక అడిగితే ఆలస్యమే.

ఊరి వాటా ఎంత?

అసలు కథ ఇక్కడుంది. 2013 నుంచి లెవీలో కొంత భాగం స్థానిక వాటాగా పక్కన పెట్టాలి. ఊరికి పారిష్ కౌన్సిల్ ఉంటే ఆ డబ్బు నేరుగా దానికి చేరుతుంది. పారిష్ కౌన్సిల్ అంటే మన గ్రామ పంచాయతీ లాంటిదే, కొన్నిచోట్ల టౌన్ కౌన్సిల్ అంటారు. మామూలుగా వాటా 15 శాతం. ఊరు తన నైబర్‌హుడ్ ప్లాన్ రాసుకుని, రెఫరెండంలో సగానికి పైగా ఓట్లతో గెలిపించుకుంటే 25 శాతం. 15 శాతం వాటాకు ఒక పరిమితి కూడా ఉంది. ఊళ్లో ఇప్పటికే కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్న ఇంటికి ఏడాదికి 100 పౌండ్ల చొప్పున లెక్కేసి, దానికి ధరల సూచీ ప్రకారం పెంపు కలిపి, అంతకు మించి ఇవ్వరు. 25 శాతం వాటాకు ఈ పరిమితి లేదు.

ఒక ఊహా లెక్క చూద్దాం. 50 ఇళ్ల వెంచర్, ఒక్కొక్కటి 90 చదరపు మీటర్లు, రేటు 100 పౌండ్లు అనుకుందాం. మొత్తం విస్తీర్ణం 4,500 చదరపు మీటర్లు, లెవీ 4,50,000 పౌండ్లు అని ఆశపడతాం. కానీ అందులో 15 ఇళ్లు తక్కువ ఆదాయం వారికిచ్చే సోషల్ హౌసింగ్ అయితే వాటికి మినహాయింపు వస్తుంది. మిగిలిన 35 ఇళ్లకు 3,150 చదరపు మీటర్లు, 3,15,000 పౌండ్లు. అందులో 15 శాతమంటే 47,250 పౌండ్లు. 25 శాతమైతే 78,750. ఊళ్లో పాత ఇళ్లు 300 మాత్రమే ఉంటే 15 శాతం వాటా ఆ ఏడాది దాదాపు 30,000 దగ్గరే ఆగిపోతుంది, పెంపు కలిపితే ఇంకాస్త. ఒక్క నైబర్‌హుడ్ ప్లాన్ ఉన్నందుకు, లేనందుకు మధ్య తేడా ఎంతో చూడండి. అదీ కాక డబ్బు ఒక్కసారి రాదు. అనుమతి వచ్చిన రోజున లెవీ పడదు, పని మొదలైనప్పుడే పడుతుంది. పెద్ద మొత్తాలకు వాయిదాలు కూడా ఇస్తారు. పారిష్‌కు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 28, అక్టోబర్ 28 తేదీల్లోగా బదిలీ అవుతుంది.

పారిష్ లేని చోట? లండన్‌లో దాదాపు అంతటా పరిస్థితి ఇదే. 2014లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఏర్పడ్డ క్వీన్స్ పార్క్ కమ్యూనిటీ కౌన్సిల్ తప్ప మహానగరంలో పారిష్‌లు లేవు. అక్కడ స్థానిక వాటా బరో కౌన్సిల్ దగ్గరే ఉంటుంది. కాకపోతే ఆ ప్రాంతం వాళ్లను అడిగి ఖర్చు చేయాలి. కొన్ని బరోలు ఏటా దరఖాస్తులు పిలిచి, స్థానిక సంఘాలకు గ్రాంట్లు ఇస్తాయి. కొన్ని ఆన్‌లైన్‌లో ఒక సర్వే పెట్టి ‘సంప్రదించాం’ అనేస్తాయి. ఈ రెండో రకం దగ్గర జనం గొంతెత్తకపోతే డబ్బు ఎక్కడికి పోయిందో ఏడాది తర్వాత కాగితంలో చదువుకోవడమే.

స్థానిక వాటాకు ఇంకో సుళువు ఉంది. కౌన్సిల్ దగ్గరుండే పెద్ద భాగాన్ని ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కే వాడాలి. రోడ్లు, వరద రక్షణ, స్కూళ్లు, వైద్యం, ఆటస్థలాలు, పార్కుల్లాంటివి. స్థానిక వాటా నిబంధన ఇంకాస్త విశాలం. కొత్త ఇళ్ల వల్ల ఊరి మీద పడే భారాన్ని తీర్చే పని ఏదైనా చేయొచ్చు. కట్టడమే కాదు, పాతదాన్ని మార్చడం, నడపడం, మరమ్మతు కూడా ఇందులోకి వస్తాయి. అయితే ‘మాకు ముప్పై ఏళ్లుగా హాల్ లేదు’ అనే వాదన కంటే ‘కొత్తగా వచ్చిన ఇన్ని కుటుంబాలతో ఉన్న హాల్ చాలడం లేదు’ అనే వాదనే ఇక్కడ నిలబడుతుంది. దరఖాస్తు రాసేవాళ్లు ఈ వాక్యం మరిచిపోకూడదు.

ప్రీఫ్యాబ్ ఎందుకు?

పైన లెక్కలో వచ్చిన యాభై, అరవై వేల పౌండ్లతో ఇటుకల హాల్ లేవదు. అదే కారణంతో చాలా పారిష్‌లు ఆ డబ్బును బెంచీలకు, బస్ షెల్టర్‌కు, పిల్లల ఊయలలకు పంచేస్తాయి. తప్పని కాదు, కానీ ఐదేళ్లు అలా పంచాక చేతిలో ఏమీ మిగలదు. ప్రీఫ్యాబ్ వైపు చూపు పడేది ఇక్కడే. ఫ్యాక్టరీలో గది తయారవుతూ ఉండగానే ఇక్కడ పునాది పని నడుస్తుంది. వర్షానికి పని ఆగదు. ధర ముందే తెలుస్తుంది. ఇవాళ ఒక గది, మూడేళ్ల తర్వాత లెవీ మళ్లీ వస్తే పక్కన ఇంకో గది. వాయిదాల్లో వచ్చే డబ్బుకు వాయిదాల్లో పెరిగే భవనం సరిపోతుంది.

ప్రీఫ్యాబ్ అన్న మాటకు బ్రిటన్‌లో కాస్త చెడ్డపేరు, కాస్త ప్రేమ రెండూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇళ్లు కూలిపోయాక, 1944 చట్టం కింద లక్షన్నరకు పైగా తాత్కాలిక ప్రీఫ్యాబ్ ఇళ్లు కట్టారు. పదేళ్లో, మహా అయితే పదిహేనేళ్లో అనుకున్నవాటిలో జనం దశాబ్దాల తరబడి కాపురం చేశారు. ఆగ్నేయ లండన్‌లోని క్యాట్‌ఫర్డ్‌లో ఎక్స్‌కాలిబర్ ఎస్టేట్‌లో 187 ఇళ్లుండేవి, వాటిలో ఆరింటికి 2009లో వారసత్వ కట్టడాల హోదా కూడా వచ్చింది. స్కూళ్ల ఆవరణల్లో మాత్రం తాత్కాలికమని తెచ్చిన క్యాబిన్ క్లాస్‌రూమ్‌లు చలికాలం గజగజ, ఎండాకాలం ఉక్కపోతతో పిల్లల్ని ఏళ్ల తరబడి ఏడిపించాయి. ఇప్పటి ఫ్యాక్టరీ భవనాలు ఆ క్యాబిన్ల లాంటివి కావు. కానీ కొనేటప్పుడు తేడా కనిపెట్టడం కొనేవాడి పనే.

తేడా ఇలా చూడాలి. సైట్ ఆఫీసుల్లో కనిపించే కదిలే క్యాబిన్ ఒక రకం, అద్దెకు కూడా దొరుకుతుంది. ప్యానెళ్లుగా వచ్చి ఇక్కడ బిగించేది ఇంకో రకం. గదులే పూర్తిగా తయారై క్రేన్‌తో దించేది మూడోది. శాశ్వతంగా ఉండాల్సిన హాల్‌కు చివరి రెండే పనికొస్తాయి. కట్టడాల భద్రత నిబంధనలు, అంటే నిప్పు, వేడి నిలుపుదల, వీల్‌చైర్ దారి, టాయిలెట్ లాంటివి ప్రీఫ్యాబ్‌కు కూడా వర్తిస్తాయి. 28 రోజులకు మించి ఉంచని తాత్కాలిక కట్టడానికే ఆ మినహాయింపు. ‘ఇది కట్టడం కాదు, పెట్టిన పెట్టె’ అని అమ్మేవాడు చెప్తే నమ్మకూడదు.

ఇంకోటి. కంపెనీ చెప్పే ధర గది ధర మాత్రమే. పునాది, నీటి కనెక్షన్, డ్రైనేజీ, కరెంటు, క్రేన్ వచ్చే దారి, పార్కింగ్, ప్లానింగ్ ఫీజు ఇవన్నీ విడిగా ఉంటాయి. రోడ్డుకు దూరంగా పార్కు మధ్యలో పెడితే ఒక్క పైపులైన్ ఖర్చే గది ధరను మించొచ్చు. అందుకే పాత చేంజింగ్ రూమ్ పక్కనో, ఇప్పటికే కనెక్షన్లు ఉన్న కౌన్సిల్ స్థలంలోనో పెట్టే ప్రతిపాదనలు ముందుకు నడుస్తాయి.

ఐదేళ్ల తిరకాసు

ప్రీఫ్యాబ్ హాళ్ల కథలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ‘తాత్కాలిక అనుమతి’. ప్లానింగ్ ఆఫీసర్‌కు రూపం నచ్చకపోతే, ఇరుగుపొరుగు అభ్యంతరం చెబితే, మధ్యేమార్గంగా ఐదేళ్లకో మూడేళ్లకో అనుమతి ఇస్తారు. సంఘం వాళ్లు సంతోషంగా తీసుకుంటారు. ఐదేళ్ల తర్వాత? ప్రభుత్వ ప్లానింగ్ మార్గదర్శకాలు రెండోసారి తాత్కాలిక అనుమతి ఇవ్వడం చాలా అరుదుగానే సమర్థనీయమని చెబుతాయి. అప్పుడు శాశ్వత అనుమతి కోసం మొదటి నుంచి పోరాడాలి, లేదా తీసేయాలి. జనం లెవీ డబ్బు ఐదేళ్ల పెట్టెలో పోసినట్టవుతుంది. శాశ్వత అనుమతికి ముందే దరఖాస్తు చేయడం, దానికి తగ్గ డిజైన్ మీద కొంత ఎక్కువ ఖర్చు పెట్టడం, మొదట భారంగా కనిపించినా చౌకే. తాత్కాలికం తప్పదంటే కొనకుండా అద్దెకు తీసుకోవడం నయం.

వాడకం మాట కూడా ముందే తేల్చుకోవాలి. 2020 సెప్టెంబర్‌లో మారిన వర్గీకరణ ప్రకారం, స్థానిక జనం ముఖ్యంగా వాడుకునే హాళ్లు ఎఫ్2 తరగతిలో, ప్రార్థనా స్థలాలు, బోధన కేంద్రాలు ఎఫ్1లో ఉంటాయి. ఎఫ్2 హాల్‌లో వారానికోసారి భాషా తరగతి, ఎప్పుడైనా ఒక వలీమా, ఒక సత్సంగం జరిగితే ఎవరూ అడగరు. హాల్ ప్రధానంగా ప్రార్థనకే వాడితే అది వాడకం మార్పు కిందకి వస్తుంది, అనుమతి లేకపోతే నోటీసు వస్తుంది. చాలా సంఘాలు కౌన్సిల్‌తో గొడవపడేది ఇక్కడే. అనుమతి ఒకదానికి తీసుకుని, ఇంకోటి నడిపి, తర్వాత వివక్ష అంటే కేసు బలహీనపడుతుంది. ఏం చేయబోతున్నారో దరఖాస్తులోనే రాయడం మేలు.

లెవీ డబ్బు అడిగేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక్క సంఘం తాళం చెవి పట్టుకునే హాల్‌కు పారిష్ ఓటు పడటం కష్టం. ఉదయం చంటిపిల్లల తల్లుల గుంపు, మధ్యాహ్నం పెద్దవాళ్ల భోజనం, సాయంత్రం యోగా, ఆదివారం తెలుగు, ఉర్దూ తరగతులు అన్న టైమ్‌టేబుల్‌తో వెళ్తే మాట వేరు. అది లోకాన్ని మెప్పించడానికి వేసే వేషం కాదు, హాల్ అద్దె డబ్బు వచ్చేది కూడా ఆ టైమ్‌టేబుల్ నుంచే.

హాల్ ఎవరి పేరు మీద?

ఇది విసుగు పుట్టించే ప్రశ్న, కానీ వేల పౌండ్ల తేడా తెచ్చేదీ ఇదే. పారిష్ కౌన్సిల్ సొంతంగా హాల్ కొంటే, కట్టిన వ్యాట్‌ను మామూలుగా వెనక్కి తీసుకోగలదు. రేటు 20 శాతం కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు. ఛారిటీగా నమోదైన సంఘం కొంటే అలా తిరిగి రాదు. అయితే విలేజ్ హాల్ లాంటి కొత్త విడి భవనాన్ని ఛారిటీ కట్టిస్తే, సర్టిఫికెట్ ఇచ్చి నిర్మాణం మీద వ్యాట్ సున్నా చేయించుకునే వీలు ఉంది. కొత్త భవనానికే ఆ వీలు, అద్దె క్యాబిన్‌కు కాదు. ఆర్డర్ ఇవ్వకముందే అకౌంటెంట్‌ను అడగాల్సిన విషయం ఇది. ఆర్డర్ ఇచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు. బిజినెస్ రేట్ల విషయంలో ఛారిటీకి 80 శాతం తగ్గింపు హక్కుగా వస్తుంది.

పారిష్ సొంతదారుగా ఉండి, రోజూ నడిపే పని స్థానిక ట్రస్ట్‌కు లీజు మీద ఇవ్వడం ఎక్కువమందికి సరిపడే ఏర్పాటు. ఇన్సూరెన్స్, హీటింగ్ బిల్లు, శుభ్రం చేసే మనిషి జీతం, బుకింగ్‌ల పుస్తకం ఎవరు చూస్తారో లీజులోనే రాసుకోవాలి. హాల్ తెరిచిన రోజు అందరూ ఫొటో దిగుతారు. జనవరిలో బాయిలర్ ఆగిపోయిన రోజు ఎవరూ ఉండరు. లెవీ స్థానిక వాటాను నిర్వహణకు వాడే వీలున్నా, ఇళ్లు కట్టడం ఆగితే లెవీ కూడా ఆగుతుందన్నది గుర్తుంచుకోవాలి. అది నెల జీతం కాదు, పంట లాంటిది.

లెవీ సరిపోకపోతే పారిష్ కౌన్సిల్ ప్రభుత్వ అనుమతితో పీడబ్ల్యూఎల్‌బీ అనే ప్రభుత్వ రుణ సదుపాయం నుంచి అప్పు తీసుకోవచ్చు. ఆ కిస్తీ చివరికి ఊరివాళ్ల కౌన్సిల్ ట్యాక్స్‌లో కలిసే పారిష్ పన్ను నుంచే పోతుంది కాబట్టి ముందు ఊరి అభిప్రాయం తీసుకోక తప్పదు.

ఖాతాలో మూలుగుతున్న డబ్బు

హోమ్ బిల్డర్స్ ఫెడరేషన్ 2024 చివర్లో చెప్పిన లెక్క ప్రకారం ఇంగ్లండ్, వేల్స్ కౌన్సిళ్ల దగ్గర సెక్షన్ 106, లెవీ కలిపి 800 కోట్ల పౌండ్ల వరకు ఖర్చు కాకుండా ఉన్నాయి. ఇది బిల్డర్ల సంఘం లెక్క. ‘మేం కట్టాం, కౌన్సిళ్లే కూర్చున్నాయి’ అని చూపించడం వాళ్లకు లాభమే, కాబట్టి కాస్త చూసి నమ్మాలి. కౌన్సిళ్ల వైపు కూడా మాట ఉంది. పెద్ద స్కూలుకో ఫ్లైఓవర్‌కో పదేళ్లు డబ్బు కూడబెట్టాలి, అందాకా అది ఖాతాలోనే కనిపిస్తుంది. అయినా చిన్న స్థానిక వాటాలు సైతం ఏళ్ల తరబడి కదలకుండా ఉండటానికి ఆ సమాధానం సరిపోదు. అడిగేవాడు లేక, తయారుగా ప్రాజెక్టు లేక ఆగినవే ఎక్కువ.

పారిష్‌కు వచ్చిన డబ్బు ఐదేళ్లలో ఖర్చు కాకపోతే, లేదా తప్పుడు పనికి వాడితే, ప్రధాన కౌన్సిల్ తిరిగి అడగొచ్చు. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని పారిష్ ఏటా ప్రకటించాలి. పెద్ద కౌన్సిళ్లు 2020 నుంచి ప్రతి డిసెంబర్ 31 లోగా ‘ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండింగ్ స్టేట్‌మెంట్’ పెట్టాలి. వెబ్‌సైట్‌లో అది దొరుకుతుంది, దొరక్కపోతే 2000 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడగొచ్చు. జనవరిలో ఆ కాగితం చదివి, ఫిబ్రవరిలో పారిష్ సమావేశానికి నలుగురు వెళ్లి మాట్లాడితే పని నడుస్తుంది. పారిష్ సమావేశాల్లో జనానికి మాట్లాడేందుకు సమయం ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. ఖాళీ కుర్చీలకు అలవాటుపడ్డ కౌన్సిలర్లు నలుగురు కనిపిస్తేనే తలెత్తి చూస్తారు.

హైదరాబాద్‌లో ఇలాంటిది లేదా?

ఉంది, పేరు వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిబంధనల్లో ఎత్తైన భవనాలపై ‘సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు’ ఉంది. ఆ డబ్బును ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో ఉంచాలని, సగం అదే ప్రాంతంలో సదుపాయాలకు వాడాలని నిబంధన చెబుతుంది. చదరపు మీటర్ల లెక్కన వసూలు, ప్రాంతానికి వాటా.. ఇంగ్లండ్ లెవీకి దగ్గరి చుట్టమే. దీనికి తోడు బెటర్‌మెంట్ ఛార్జీలు, డెవలప్‌మెంట్ ఛార్జీలు ఎలాగూ ఉన్నాయి. 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో ఖాళీ స్థలం వదలని ప్లాట్లకు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ కూడా పెట్టారు.

తేడా ఎక్కడంటే, ఇంగ్లండ్‌లో ఆ స్థానిక వాటా ఫలానా ఊరి ఖాతాలో ఫలానా తేదీకి పడుతుంది, దాని మీద నిర్ణయం తీసుకునే చిన్న సభ ఒకటి ఉంటుంది. ఇక్కడ ‘అదే ప్రాంతం’ అంటే ఏ వార్డు, ఏ బస్తీ అన్న గీత సామాన్యుడికి కనిపించదు. తన వీధిలో పదంతస్తుల భవనం లేచినప్పుడు దానిపై ఎంత ఇంపాక్ట్ ఫీజు వచ్చిందో, అందులో తన వీధికి ఏం దక్కిందో తెలుసుకోవాలంటే ఆర్టీఐ అర్జీ పెట్టాల్సిందే. హాళ్ల కొరత మాత్రం ఇక్కడా ఉంది. 2018లో బస్తీ దవాఖానాలు మొదలైనప్పుడు చాలాచోట్ల ఉన్న కమ్యూనిటీ హాళ్లనే వాటికి ఇచ్చారు. దవాఖానా కావాల్సిందే, దాంతో మేలు జరిగింది. కానీ నికాహ్‌కో, పెద్దకర్మకో, బస్తీ సమావేశానికో వాడుకున్న ఆ హాల్ స్థానంలో ఇంకోటి రావాలి కదా. పేదింటి పెళ్లి ఫంక్షన్ హాల్ అద్దె దగ్గరే సగం అప్పుల్లోకి దిగే ఊళ్లో ఇది చిన్న ప్రశ్న కాదు. బస్తీల్లో ఖాళీ స్థలం ఉన్నదే కొద్ది, అక్కడ నెలల తరబడి సెంట్రింగ్, ఇసుక కుప్పలు పెట్టలేరు. రెండు వారాల్లో బిగించే ప్యానెల్ హాల్ సరిపోయేది ఇలాంటి చోటికే. కాకపోతే ఎండల్లో రేకు పెట్టెగా మారకుండా పైకప్పుకు, గోడలకు ఇన్సులేషన్ ఉండాలి. ఇంగ్లండ్‌లో చలికి చూసే జాగ్రత్తే ఇక్కడ వేడికి.

ఇక ఇంగ్లండ్‌లో ముందు ఏముంది? 2023 లెవెలింగ్ అప్ చట్టంలో ఈ లెవీ స్థానంలో కొత్త ‘ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ’ తేవాలని అప్పటి ప్రభుత్వం రాసింది. 2024లో వచ్చిన లేబర్ ప్రభుత్వం దాన్ని అమలు చేయబోమని చెప్పింది. కాబట్టి పాత లెవీ, సెక్షన్ 106 రెండూ కొనసాగుతున్నాయి. రెండంచెల కౌన్సిళ్లున్న జిల్లాల్లో వాటిని కలిపి ఒకే కౌన్సిల్ చేసే పని మాత్రం నడుస్తోంది. అది జరిగిన చోట జిల్లా కౌన్సిల్ ఖాతాలోని లెవీ కొత్త, పెద్ద కౌన్సిల్ చేతికి వెళ్తుంది, ఖర్చుల వరస మళ్లీ రాస్తారు. జిల్లా దగ్గర ఇప్పటికే దరఖాస్తు పెట్టుకున్న సంఘాలు మంజూరును రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. పారిష్ కౌన్సిళ్లు ఈ విలీనంలో పోవు, వాటి 15 లేదా 25 శాతం ఎప్పటిలాగే ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో వస్తుంది.